ఆదా బండి

మా లాకులపాలెం పురపాలక సంఘానికి ఉన్న ఒకే ఒక్క చెత్త ట్రాక్టరు చేపల మార్కెట్టు ముందు ఇరుసు విరిగి కూలబడిన రోజున, ఊరి చరిత్రలో ఇదొక ఘట్టమని ఎవరికీ తోచలేదు. డ్రైవరు ఏసోబు దిగి, బండి కింద తల పెట్టి చూసి, లేచి, తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు. ఇక ఇది లేవదని శానిటరీ ఇన్‌స్పెక్టరు పంపన వీరభద్రం గారికి ఫోను చేసి చెప్పినప్పుడు అతని గొంతు ఇంట్లో మనిషి పోయినట్టుగా ఉందట.

వీరభద్రం గారు నెమ్మదైన మనిషి. ఊళ్ళో ఏ మురుక్కాలవ ఏ మలుపులో పూడుతుందో, ఏ వీధి వాళ్ళు ఎదుటివాళ్ళ గుమ్మంలోకి చీపురు తోస్తారో ఆయనకు తెలుసు. రిటైర్మెంటు దగ్గర పడింది. ఉద్యోగంలో ఆయనకు మిగిలిన కోరికల్లా మచ్చ లేకుండా పింఛను పుచ్చుకోవడం. ఆ సాయంత్రమే కొత్త ట్రాక్టరు కావాలని కమిషనరు వాచస్పతి గారికి కాగితం పెట్టారు.

సరిగ్గా అప్పుడే పైనుంచి పొదుపు ఉత్తర్వు దిగింది. స్థానిక సంస్థలు ఇకమీదట కొత్త వాహనాలు కొనరాదు, వాడిన వాహనమే కొనాలి. అందుకు మూడు కొటేషన్లు పిలవాలి. ఏ వాహనంలో ఆదా ఎక్కువగా ఉంటే దాన్నే తీసుకోవాలి. ఆదా అంటే ఏమిటో ఎవరూ తికమక పడకుండా ఉత్తర్వులోనే నిర్వచించారు కూడా: వాహనం కొత్తగా ఉన్నప్పటి ధరలోంచి ఇప్పటి ధర తీసేయగా మిగిలేది ఆదా.

వీరభద్రం గారికి పాత ట్రాక్టరుకి ఒక కొటేషను, పాత ట్రాలీ ఆటోకి ఒక కొటేషను వచ్చాయి. మూడోది రాలేదు. ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసినవాళ్ళు ఎరుగుదురు, మూడో కొటేషను అనేది దొరికేది కాదు, పుట్టించుకునేది. అందుకని ఆయన కాలవగట్టు మీద పాత కార్ల వ్యాపారం చేసే దొరబాబు దగ్గరికి వెళ్ళి, లెక్క పూర్తి కావడం కోసం ఏదో ఒక బండి పేరు రాసివ్వమన్నారు. దొరబాబు అటూ ఇటూ చూసి, షెడ్డు మూల టార్పాలిన్ కప్పి ఉన్న దాన్ని రాసిచ్చాడు.

అదొక విదేశీ కంపెనీ వాళ్ళ విలాసవంతమైన ఎస్‌యూవీ. రొయ్యల చెరువులు బాగా పండిన రోజుల్లో ఒకాయన దాన్ని పాతిక ట్రాక్టర్ల ఖరీదు పెట్టి కొన్నాడు. రొయ్యలకు తెగులు తగిలాక కారును దొరబాబుకి అప్పగించాడు. ఆనాటినుంచీ పాత ట్రాక్టరు ధరకు కాస్త పైన ఇస్తామన్నా కొనేవాడు రాలేదు. అంత పెద్ద కారు అంత చవగ్గా ఎందుకు దొరుకుతోందో అడిగినవాళ్ళు, జవాబు విన్నాక మళ్ళీ రాలేదు. వీరభద్రం గారికి ఆ ప్రశ్న అడిగే అవసరం రాలేదు. దాన్ని ఎవరూ కొనరన్న ధైర్యంతోనే ఇద్దరూ టీ తాగి విడిపోయారు.

వాచస్పతి గారు మామూలుగా మాట్లాడినా మూడు ప్రతుల్లో మాట్లాడినట్టు ఉంటుంది. ఆయన కొటేషన్లు చూసి, అద్దాలు తుడుచుకుని, ట్రాక్టరులో ఆదా స్వల్పమనీ, ఆటోలో నామమాత్రమనీ, మూడోదానిలో మాత్రం ఈ సంఘం ఏళ్ళ తరబడి వసూలు చేసిన ఇంటిపన్నును మించిన ఆదా గోచరిస్తోందనీ సెలవిచ్చారు.

వీరభద్రం గారు గబగబా మూడో కాగితం వెనక్కి తీసుకోబోయారు. అది లెక్కకోసం పెట్టిన కాగితమనీ, అది కారనీ, చెత్తకు పనికిరాదనీ చెప్పుకున్నారు.

"ఉత్తర్వులో వాహనం అని ఉంది వీరభద్రం గారూ. చెత్త అన్న మాట ఎక్కడైనా ఉందా?"

"లేదండి. కానీ మనకి కావలసింది చెత్త ఎత్తడానికి కదండి."

"మనకి కావలసింది వేరు, మనం చేయవలసింది వేరు. ఆ రెంటికీ ఉన్న తేడానే పరిపాలన అంటారు."

పాలకవర్గం సమావేశం పెట్టి ఏకగ్రీవంగా ఆమోదించింది. ఛైర్‌పర్సన్ గుబ్బల అనసూయమ్మ గారు దయగల మనిషి, ఎవరినీ నొప్పించడం ఇష్టం లేనివారు. ఇంత ఆదా తన హయాంలో జరిగిందని విని ఆవిడ కళ్ళు ఒత్తుకున్నారు.

కారు వచ్చిన రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, దిష్టి తీసి, పైన మైకు కట్టారు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని పాట పెట్టుకుని ఏసోబు దాన్ని నల్లటి ఏనుగులా మెల్లగా చేపల మార్కెట్టుకి నడిపించాడు. మార్కెట్టులో ఆడవాళ్ళకు పెద్దదిక్కు ఓలేటి నూకాలు. ఆమె చేప తలలు, పొట్టు, నీచునీళ్ళు ఉన్న గంగాళం ఎత్తుకుని ఎదురొచ్చి, కారు చూసి ఆగిపోయింది. ఏసోబు మీట నొక్కాడు. వెనక తలుపు చప్పుడు లేకుండా దానంతటదే లేచింది. లోపల పాలమీగడ రంగు తివాచీ, తోలు సీట్లు, అత్తరు వాసన. కారు ఆవిడ ఎత్తుకి అందేలా వెనక భాగాన్ని కాస్త కిందికి దించింది కూడా.

"ఇందులోనే ఎయ్యమంటారా అండి?" అని నూకాలు అడిగింది.

వెనకే నడిచొస్తున్న వీరభద్రం గారు అటువైపు చూడకుండా, ఆ అన్నారు. ఆమె పోసేసింది.

నీచునీళ్ళు తివాచీలోంచి కిందికి దిగాయి. కింద వైర్లున్నాయి. ఆ వారంలోనే, కిందికి దిగిన కారు మళ్ళీ పైకి లేవడం మానేసింది. మునిసిపల్ ఆఫీసు ముందు గేదెలా చతికిలబడి కూర్చుంది. ఊళ్ళో మెకానిక్కులు బానెట్ ఎత్తి చూశారు. లోపల ఇంజను కనబడలేదు, నల్లటి మూత కనబడింది. మర్యాదగా బానెట్ దించేసి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

కారును లారీ మీదెక్కించి విశాఖపట్నం పంపించవలసి వచ్చింది. అక్కడ సర్వీసు కేంద్రంలో టై కట్టుకున్న కుర్రాడొకడు వీరభద్రం గారిని చల్లటి గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. కారుకు జబ్బేమిటో చెప్పడానికి ఒక రుసుము, చెప్పిన జబ్బు నిజమో కాదో తేల్చడానికి ఒక రుసుము, బాగుచేయడానికి వేరే రుసుము అని ఓపిగ్గా వివరించాడు. సామాను సముద్రం మీద రావాలట. పాత కారు కదా, చవగ్గా ఏమైనా చూడమని వీరభద్రం గారు అడిగారు. కారు ధర మాత్రమే పాతదవుతుందనీ, సామాన్ల ధరలు ఎప్పటికప్పుడు కొత్తవేననీ ఆ కుర్రాడు అన్నాడు. ఇంతకు ముందే ఈ మాట చెప్పేవాళ్ళుంటే బాగుండేదని వీరభద్రం గారికి అనిపించింది. అయితే ఇంతకు ముందు ఆయన అడగలేదు.

మరమ్మతు ఖర్చు ఒక కొత్త ట్రాక్టరు ధర దాటింది. ఆయన తిరిగొచ్చి, ఈ డబ్బుతో ట్రాక్టరే కొనుక్కోవచ్చని కమిషనరుకు మనవి చేశారు. ట్రాక్టరు కొంటే అది కొనుగోలు అవుతుందనీ, కొనుగోలు నిషిద్ధమనీ, మరమ్మతుకు మాత్రం ఉత్తర్వులో ఎక్కడా హద్దు లేదనీ వాచస్పతి గారు జవాబిచ్చారు. పోనీ కారు అమ్మేద్దామంటే, ఆయన ముఖం గంభీరమైపోయింది.

"అమ్మితే ఆదా ఏమవుతుంది? సంఘం ఆస్తుల్లో ఆ ఆదాని చూపించాం. కారు వెళ్ళిపోతే ఆదా పోతుంది. పోయిన ఆదా ప్రభుత్వ నష్టం. ఆ నష్టాన్ని కొటేషన్లు సమర్పించిన అధికారి పింఛనులోంచి రాబట్టడం తప్ప నాకు గత్యంతరం ఉండదు."

కొటేషన్లు సమర్పించిన అధికారి ఇంటికి వెళ్ళి మంచం మీద పడుకుని పైకప్పు చూశారు. ఆ అంకె రాబట్టాలంటే ఆయన పింఛనే కాదు, వచ్చే రెండు మూడు జన్మల పింఛను కూడా చాలదు. మర్నాటినుంచి ఆ కారును ఆయన కన్నబిడ్డలా చూసుకోవడం మొదలుపెట్టారు.

బాగై వచ్చిన కారుకు మళ్ళీ అలాంటి ఆపద రాకుండా కమిషనరు గారు ప్రకటన చేయించారు. పౌరులు తమ చెత్తను శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, గుడ్డలో కట్టి మాత్రమే వాహనానికి సమర్పించవలెను. నీచు, జిడ్డు, రసం గల చెత్త స్వీకరించబడదు. మా ఊరివాళ్ళు మొదట నవ్వారు. జరిమానాలు పడ్డాక కడగడం మొదలుపెట్టారు. ఆ వేసవిలో డాబాల మీద వడియాల పక్కన అరటితొక్కలు, మునక్కాడ పిప్పి, టీపొడి ఆరేవి. కాకులు రెంటికీ తేడా తెలియక తికమకపడేవి. మా వీధిలో ఒకావిడ ఏమరపాటున చెత్తను డబ్బాలో దాచి, వడియాలు బండిలో వేసింది. చెత్త కడిగిన నీళ్ళతో కాలవలు పొంగాయి. వాటిని తీయించడానికి మనుషులు లేరు, ఎందుకంటే పారిశుధ్య సిబ్బందిని కారు దగ్గరికి మార్చేశారు. ఒకరు ఈగలు తోలాలి, ఒకరు పావురాలను తోలాలి, ఇద్దరు తుడవాలి. మిగిలినవాళ్ళు కారు వెళ్ళేటప్పుడు ముందు నడుస్తూ రోడ్డు మీద రాళ్ళు ఏరాలి.

కారు సందుల్లో పట్టదు. అందుకని సందులను సేకరణ పరిధి నుంచి తప్పించారు. గతుకుల్లో దాని ఒళ్ళు కదులుతుంది. అందుకని కాలవల మరమ్మతు కోసం ఉన్న నిధిని మెయిన్ రోడ్డు నున్నగా చేయడానికి వాడారు, స్పీడు బ్రేకర్లు తవ్వించేశారు. ఎండ దాని రంగుకు పడదు కాబట్టి షెడ్డు కట్టించి, ప్రసూతి ఆసుపత్రి ఏసీ తెచ్చి అందులో బిగించారు. ఏసోబు కారెక్కే ముందు కాళ్ళు కడుక్కోవాలని నియమం పెట్టారు. ఒకరోజు అతను కాళ్ళు తుడుచుకుంటూ వీరభద్రం గారితో అన్నాడు:

"ఇది బండి కాదండి, అల్లుడండి. ఎంత పెట్టినా సాలదు. పైకి ఏవనకూడదు."

తరవాత ఎలుకలొచ్చాయి. సందుల్లో చెత్త పేరుకుంది కాబట్టి ఎలుకలు పెరిగాయి. పెరిగిన ఎలుకలు చల్లగా ఉండే చోటు వెతుక్కుంటూ కారు షెడ్డుకి చేరాయి. విదేశీ వైర్లు వాటికి రుచించాయి. కారు మళ్ళీ విశాఖపట్నం వెళ్ళింది. చెత్త ఎత్తితే ఎలుకలు తగ్గుతాయని వీరభద్రం గారు, ఎలుకలు తగ్గితే గానీ కారు తిరగదని ఏసోబు, కారు తిరిగితే గానీ చెత్త లేవదని కమిషనరు గారు, ఒకే గదిలో నిలబడి ఒకేసారి చెప్పారు. ఈ చిక్కుముడిని విప్పడానికి పాలకవర్గం పిల్లులను నియమించింది. వాటికి మేత కావాలి కదా. వాహన నిర్వహణ పద్దు కింద చేపల సరఫరాకు టెండరు పిలిచారు, అది నూకాలుకి దక్కింది. చేప తలలు పారేయడానికి దారిలేక ఏడుస్తున్న నూకాలు, ఇప్పుడు వాటిని పురపాలక సంఘానికే అమ్మసాగింది. పిల్లులు పుష్టిగా తయారయ్యాయి. అంత పుష్టిగా ఉన్న పిల్లి ఎలుక వెంట ఎందుకు పరుగెత్తుతుందని ఎవరూ ఆలోచించలేదు.

ఈసారి గేర్లపెట్టె పోయింది. ఆ మాట చెప్పడానికి సర్వీసు కేంద్రం కుర్రాడు స్వయంగా వచ్చి, కాఫీ తాగకుండా నిలబడే చెప్పాడు. సంఘం ఖజానాలో అంత లేదు. అప్పుడు పాలకవర్గం మునిసిపల్ భవనాన్ని అద్దెకు ఇచ్చేద్దామని తీర్మానించింది. అంత పెద్ద స్థలం తీసుకునే స్తోమత ఊళ్ళో దొరబాబుకే ఉంది. ఆయన కిందంతా పాత కార్ల షోరూము, పైన కమిషనరు గదిలో ఖాతాదారులకు విశ్రాంతి గది పెట్టుకున్నాడు. వచ్చిన అడ్వాన్సుతో గేర్లపెట్టె తెప్పించారు. కార్యాలయం ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న పుట్టింది.

"సంఘానికి స్వంత వాహనం ఉంది, అందులో ఏసీ ఉంది," అన్నారు వాచస్పతి గారు. వేరే చోటు అద్దెకు తీసుకుంటే అది వృథా వ్యయం కాదా అని కూడా అడిగారు.

అలా మా పురపాలక సంఘం కారులోకి మారింది. అందులో ఏడు సీట్లున్నాయి కాబట్టి పాలకవర్గం కోరంను ఆ సంఖ్యకు కుదించారు. మిగిలిన కౌన్సిలర్లు బయట అద్దాల దగ్గర నిలబడి చేతులెత్తేవారు. ముందు సీట్లో కమిషనరు గారు, నడిమి వరసలో ఛైర్‌పర్సన్ గారు, అన్నిటికన్నా వెనక ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని గుమస్తా. అనసూయమ్మ గారికి కారెక్కితే కళ్ళు తిరుగుతాయి గానీ, ఇది ఎక్కువగా కదిలే కారు కాదు కాబట్టి ఆవిడకు ఇబ్బంది కాలేదు. జనన మరణ ధ్రువపత్రాలు కుడివైపు కిటికీలో, ఇంటి ప్లాన్లు ఎడమవైపు కిటికీలో. కార్యాలయం నడుస్తుండగా అందులో చెత్త వేయడం సభ్యత కాదు కాబట్టి సేకరణ పూర్తిగా నిలిపేశారు. పైగా ఎంత తక్కువ తిరిగితే కారు అంత ఎక్కువ కాలం మన్నుతుందని సర్వీసు కేంద్రం వాళ్ళు కూడా సలహా ఇచ్చారు.

వానలు మొదలయ్యాయి. చేపల మార్కెట్టు వెనక పల్లిపేటలో ఇంటింటికీ జ్వరాలు. వారం రోజులుగా పిల్లుల మేత రాకపోవడంతో, ఎందుకు రాలేదో కనుక్కోమని వీరభద్రం గారిని పంపించారు. ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని ఆ సందులోకి వెళ్ళారు. అది ఆయన కొన్నేళ్ళపాటు రోజూ తెల్లవారకముందే నిలబడి శుభ్రం చేయించిన సందు. ఇప్పుడు అందులో దారి ఎక్కడుందో గుర్తుపట్టలేకపోయారు. నూకాలు అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. మార్కెట్టంతా వినబడే గొంతు పీలగా అయిపోయింది. లోపల ఆమె మనవరాలు మూలుగుతోంది.

ఆయన అక్కడ నిలబడే, తనకున్న పింఛను భయం అంతా ఆమెకు చెప్పుకున్నారు. ఎందుకు చెప్పారో ఆయనకే తెలియదు. నూకాలు మొత్తం విన్నది.

"మీ పింఛను బాగుండాలండి, మీరు మంచోరు. మీ పింఛను నిలబడాలంటే మేవెన్నాళ్ళు జరాలు పడాలో సెప్పండి. అన్నాళ్ళూ పడతాం. లెక్క తెలీకుండా పడతంటేనే కష్టంగా ఉందండి."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఆయన తట్టుకునేవారేమో. ఆయన అక్కడినుంచి తిన్నగా ఏసోబు ఇంటికి వెళ్ళారు.

మర్నాడు తెల్లవారుతుండగానే వీరభద్రం గారు, ఏసోబు, జ్వరం లేని చేపల ఆడవాళ్ళు, ఐసు పెట్టెలు మోసే రిక్షాబళ్ళు వేసుకుని పని మొదలుపెట్టారు. ఆయన పార పుచ్చుకుని కాలవలోకి దిగారు. కారు దగ్గర ఈగలు తోలే సిబ్బంది అది చూసి, ఒకరొకరే వచ్చి చేరారు. పల్లిపేట, తరవాత మార్కెట్టు, తరవాత సందులు. చెత్తంతా ఊరి బయట డంపింగు యార్డుకి చేరింది. పొద్దు వాలేదాకా మోసినా చాలా రోజులు పట్టింది. ఎవరూ ఎవరినీ అనుమతి అడగలేదు. అన్నేళ్ళ సర్వీసులో వీరభద్రం గారు కాగితం లేకుండా చేసిన మొదటి పని అది. చేస్తున్నంతసేపూ ఎవరైనా కాగితం అడుగుతారేమోనని వెనక్కి చూసుకున్నానని, రాత్రి మాత్రం ఒళ్ళెరగకుండా నిద్రపట్టిందని ఆయన తరవాత మాతో చెప్పారు.

జ్వరాలు తగ్గుముఖం పట్టాయి. నూకాలు మనవరాలు లేచి గంజి తాగింది.

అప్పుడే పొదుపు పర్యవేక్షణాధికారి తనిఖీకి వచ్చారు. రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఆదా చేసిన పురపాలక సంఘాన్ని కళ్ళారా చూడాలని ఆయన కోరిక. కారు చుట్టూ తిరిగి, లోపల కూర్చుని, సీటు వెనక్కి వంచుకుని సంతృప్తి చెందారు. ఆ తరవాత, ఈ చెత్త సేకరణ వాహనం ఇటీవల ఎంత చెత్త సేకరించిందని అడిగారు. వాచస్పతి గారు కిటికీలోంచి బయటికి చూశారు. వీధి అద్దంలా ఉంది. ఊళ్ళో చెత్తే లేనప్పుడు బండి ఎందుకున్నట్టని పై అధికారి అడిగేలోగా, వాచస్పతి గారి బుర్రలో ఒక సెక్షను మెరిసింది.

ఆ సాయంత్రమే వీరభద్రం గారికి మెమో అందింది. పురపాలక వాహనమునకు చెందవలసిన చెత్తను తాము దురుద్దేశపూర్వకముగా అనధికార రిక్షాలలో దారి మళ్ళించి, తద్వారా ప్రభుత్వ వాహనమును నిరుపయోగము గావించి, సంఘ ఆదాకు భంగము కలిగించినందున, సదరు చెత్తను తక్షణమే సదరు వాహనమునకు తిరిగి అప్పగించవలెను. అప్పగించని యెడల పోలీసు చర్య.

ఆయన మెమో చదివి నూకాలుకి వినిపించారు. ఆమె రెండోసారి చదివించుకుంది.

"మనం దొంగిలించిన సెత్తని తెచ్చిమ్మంటున్నారా అండి?"

"అవునమ్మా. బండిలోనే ఇవ్వాలట."

"ఇచ్చేద్దాం అండి. పరాయి సొమ్ము మనకెందుకు."

మరునాడు మునిసిపల్ కారు దగ్గరికి రిక్షాబళ్ళు వరసగా వచ్చాయి. లోపల పాలకవర్గ సమావేశం నడుస్తోంది, పర్యవేక్షణాధికారి గారు కూడా ఉన్నారు. వీరభద్రం గారు అద్దం మీద మెల్లగా తట్టి, ఉత్తర్వు ప్రకారం అప్పగించడానికి వచ్చామని చెప్పారు. తడిగా ఉన్నదాన్ని కడిగి తెచ్చే వ్యవధి లేకపోయిందని క్షమాపణ కూడా చెప్పుకున్నారు. ఆ వాసనకు ముందు పర్యవేక్షణాధికారి, తరవాత గుమస్తా, తరవాత కౌన్సిలర్లు దిగిపోయారు. అనసూయమ్మ గారిని నూకాలే చెయ్యి పట్టి దించి, నీడలో కూర్చోబెట్టి, గోలీసోడా తెప్పించింది. వాచస్పతి గారు మాత్రం అప్పగింత పూర్తయ్యేదాకా కార్యస్థానం వదలకూడదని ముందు సీట్లో కూర్చున్నారు. ఆడవాళ్ళు గంగాళాలు అందించుకుంటూ వెనకనుంచి నింపుకొచ్చారు. అది ఆయన మెడ దాకా వచ్చాక, ముట్టినట్టు సంతకం చేయమని వీరభద్రం గారు కాగితం అందించారు. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని సంతకం చేసి, దిగి, నడుచుకుంటూ ఇంటికి వెళ్ళారు.

ఆ సంతకంతో వ్యవహారం చట్టం చేతికి వెళ్ళింది. పర్యవేక్షణాధికారి ఫిర్యాదు మీద ఎస్సై వచ్చాడు. చెత్త దారి మళ్ళించారన్నది ఆరోపణ. మళ్ళించిన చెత్త తిరిగి ముట్టిందని కమిషనరు గారి సంతకమే ఉంది. అంటే దొంగసొత్తు దొరికింది. దొరికిన సొత్తు ఏ పాత్రలో ఉంటే ఆ పాత్రతో సహా సీలు చేసి, కేసు తేలేవరకూ ముట్టకుండా భద్రపరచాలని ఎస్సై చెప్పాడు. కారు తలుపులకు లక్క వేసి, గుడ్డ చుట్టి, క్రేనుతో ఎత్తి ఊరి చివర పోలీసుల ఖాళీ స్థలంలో దించారు. సాక్ష్యాన్ని మరమ్మతు చేయడం నేరం. కడగడం ఇంకా పెద్ద నేరం. దాంతో వాహన నిర్వహణ పద్దులో ఒక్క పైసా కూడా ఖర్చు పెట్టడానికి వీల్లేకపోయింది. ఆ డబ్బు ఏం చేయాలో తోచక, కేసు నడిచినంత కాలం తాత్కాలికంగా రిక్షాబళ్ళు అద్దెకు తీసుకోవచ్చని పైనుంచి అనుమతి వచ్చింది. రోజూ తెల్లవారేసరికి ఏసోబు వాటి ముందు నడిచేవాడు, కాళ్ళు కడుక్కోకుండా.

వీరభద్రం గారు సస్పెండయ్యారు. ఆ సస్పెన్షన్లోనే రిటైరయ్యారు. పింఛను ఆగింది. బతకడానికి వచ్చే కొద్దిపాటి భత్యంతో, మార్కెట్టు పక్కన చిన్న ఇంట్లోకి మారారు. నూకాలు వాళ్ళు చేపలకు డబ్బులు తీసుకోరు, ఆయన ఇవ్వకుండా ఊరుకోరు. రోజూ ఆ తగువు నడుస్తుండేది.

కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతూ వచ్చింది. ఒకనాడు ఆయన ప్లీడరు వక్కలంక సోమయాజులు గారు ఉత్సాహంగా వచ్చి, అవతలి వాళ్ళ దగ్గర పస లేదని తేలిపోయిందనీ, చెత్త ఎవరి ఆస్తీ కాదని పెద్ద కోర్టు తీర్పొకటి దొరికిందనీ, రేపటి వాయిదాలో కేసు కొట్టేస్తారనీ, పింఛను బకాయిలతో సహా వస్తుందనీ చెప్పారు.

వీరభద్రం గారు సంతోషించారు. తరవాత, కేసు కొట్టేస్తే కారు ఏమవుతుందని అడిగారు.

"ఏమవుతుంది? సీలు తీసి సంఘానికి అప్పగిస్తారు. వాళ్ళ బండే కదా," అన్నారు ప్లీడరు గారు.

ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు కోర్టుకి వచ్చి, ప్లీడరు గారు నోరు తెరవకముందే తానే బోనులో నిలబడి, తనకు కడుపులో నొప్పిగా ఉందనీ, వాయిదా కావాలనీ ప్రార్థించారు. ప్లీడరు గారు నిర్ఘాంతపోయారు. ప్రభుత్వ ప్లీడరు ఇల్లు మార్కెట్టు వెనక సందులో. ఆయన లేచి, ముద్దాయి ఆరోగ్యం దృష్ట్యా ప్రభుత్వానికి ఎలాంటి అభ్యంతరమూ లేదనీ, ఎంత దూరం తేదీ ఇచ్చినా సమ్మతమేననీ మనవి చేశారు.

న్యాయమూర్తి గారి కాపురం కూడా మా ఊళ్ళోనే. ఆయన కాసేపు ముద్దాయి ముఖంలోకి చూసి, క్యాలెండరు తెప్పించుకుని, నెలలన్నీ తిప్పి, ఇది చాలదు, వచ్చే ఏటిది ఉంటే పట్టుకురమ్మని బంట్రోతును పంపించారు.